వారంటీ దాటిన ల్యాప్‌టాప్: చట్టం ఎక్కడిదాకా వచ్చి ఆగింది?

లక్షన్నర పెట్టి కొన్న ల్యాప్‌టాప్ పద్నాలుగో నెలలో ఒక పొద్దున ఆన్ కాదు. సర్వీస్ సెంటర్‌లో ఇచ్చి వస్తే రెండు రోజులకు ఫోన్ వస్తుంది: మదర్‌బోర్డు పోయింది, మార్చాలి, వారంటీ అయిపోయింది కాబట్టి ఖర్చు మీదే. ఆ ఖర్చు వింటే చాలామంది కొత్తది కొనుక్కోవడమే మేలనుకుంటారు.

వారంటీ అయిపోయిందన్నది నిజమే. అందుకని అమ్మినవాడికీ తయారుచేసినవాడికీ ఇక ఏ బాధ్యతా లేదని మాత్రం చట్టం ఎక్కడా అనలేదు. ల్యాప్‌టాప్‌కు ఏడాది వారంటీ ఇవ్వాలని ఏ భారతీయ చట్టమూ చెప్పదు. అది కంపెనీ తనంతట తాను రాసిచ్చే హామీ. సరుకు నాణ్యత మీద చట్టం పెట్టిన బాధ్యత వేరు, వారంటీ కార్డుల కన్నా అది చాలా పాతది. చిక్కల్లా రెండు చోట్ల ఉంది. ఆ బాధ్యత ఎన్నాళ్లు ఉంటుందో మన చట్టం చెప్పలేదు. లోపం మొదటినుంచీ ఉందని నిరూపించే భారాన్ని కొన్నవాడి నెత్తినే వదిలేసింది.

ఈ కథ ఇంగ్లండులో మొదలైంది. బెజోర్ అంటే కొన్ని జంతువుల కడుపులో గట్టిపడే ముద్ద. మన గోరోచనానికి ఉన్నట్టే దానికీ మందుగా పెద్ద పేరు, విషానికి విరుగుడని నమ్మేవారు. లండన్‌లో ఒక కంసాలి బెజోర్ అని చెప్పి ఒక రాయిని వంద పౌన్లకు అమ్మాడు. అది బెజోర్ కాదని కొన్నాయన దావా వేశాడు. ‘బెజోర్ అని చెప్పాడే గానీ, అలా అని హామీ ఇవ్వలేదుగా’ అని 1603లో కోర్టు కొన్నాయననే ఓడించింది. కొనేవాడే చూసుకోవాలన్న సూత్రానికి న్యాయవాదులు ఇప్పటికీ చూపించే పాత తీర్పు ఇదే.

ఆ గోడకు మొదటి పెద్ద పగులు 1829లో వచ్చింది. ఓడ అడుగుకు వేయడానికని అడిగి ఒకరు రాగి రేకులు కొన్నారు. ఏళ్ల తరబడి ఉండాల్సిన రేకులు కొన్ని నెలలకే తినేసుకుపోయాయి. అమ్మినవాడే తయారీదారు, దేనికి కొంటున్నారో అతనికి తెలుసు. అలాంటప్పుడు కాగితం మీద హామీ లేకపోయినా, ఆ పనికి సరుకు పనికొస్తుందన్న హామీ ఉన్నట్టేనని కోర్టు తేల్చింది. పద్నాలుగో నెలలో చచ్చిపోయిన ల్యాప్‌టాప్ గురించి ఇవాళ వినియోగదారుల కమిషన్‌లో వినిపించే వాదనకు మూలం ఆ రాగి రేకులే.

ఈ తీర్పులన్నిటినీ కూర్చి మెకెంజీ చామర్స్ అనే న్యాయకోవిదుడు రాసిన ముసాయిదా 1893లో బ్రిటన్ సరుకుల అమ్మక చట్టమైంది. మన దేశంలో అప్పటిదాకా 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని ఒక అధ్యాయంతోనే నెట్టుకొచ్చేవారు. బ్రిటన్ చట్టాన్ని అనుసరించి వచ్చిన సరుకుల అమ్మక చట్టం 1930 జులై 1న అమల్లోకి వచ్చింది. ఇప్పటికీ అదే నడుస్తోంది. అందులో 16వ సెక్షన్ మనకు కావలసినది: కొనేవాడు పని ఏమిటో చెప్పి అమ్మేవాడి నైపుణ్యాన్ని నమ్మి కొంటే, ఆ పనికి సరుకు తగి ఉండాలి, ఆ రకం సరుకు అమ్మే వ్యాపారి దగ్గర కొంటే అది అమ్మకానికి తగిన నాణ్యతతో ఉండాలి. ఈ బాధ్యత అమ్మినవాడి మీద, అంటే దుకాణం మీదో ఆన్‌లైన్ విక్రేత మీదో ఉంటుంది. ‘మేం అమ్మాం అంతే, కంపెనీని అడగండి’ అనే దుకాణదారు జవాబు ఈ సెక్షన్ ముందు నిలవదు. ఫిర్యాదులో విక్రేతనూ తయారీదారునూ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చమని చెప్పేది అందుకే.

అదే చట్టంలో 62వ సెక్షన్ ఒక కంత వదిలింది. ఇరుపక్షాలూ ఒప్పందం రాసుకుంటే ఈ అంతర్లీన హామీలను పక్కన పెట్టొచ్చని అది అంటుంది. వారంటీ పుస్తకంలో ‘ఇందులో చెప్పినవి తప్ప మరే హామీ లేదు’ అనే చిన్న అక్షరాల వాక్యం ఈ సెక్షన్ మీద ఆధారపడిందే. బ్రిటన్ వినియోగదారుల అమ్మకాల విషయంలో 1973, 1977 చట్టాలతో ఈ కంతను పూడ్చేసింది. 1994లో నాణ్యత నిర్వచనాన్నే మార్చి, సరుకు మన్నికను కూడా అందులో చేర్చింది. 2015 చట్టం ప్రకారం అక్కడ మొదటి ఆరు నెలల్లో బయటపడిన లోపం మొదటినుంచీ ఉన్నట్టే లెక్క, కాదని విక్రేతే నిరూపించుకోవాలి. ఇంగ్లండులో దావాకు ఆరేళ్ల గడువుంది. యూరప్ సమాఖ్య 1999లోనే విక్రేతకు రెండేళ్ల బాధ్యత పెట్టింది. నిరూపణ భారం విక్రేత మీద ఉండే కాలాన్ని 2022 నుంచి ఆరు నెలల బదులు కనీసం ఏడాది చేసింది. మనం 1930 దగ్గరే ఉన్నాం. 16వ సెక్షన్‌లో మన్నిక అన్న మాటే లేదు.

1986 వినియోగదారుల రక్షణ చట్టం కొత్త హామీ కన్నా కొత్త వేదికను ఇచ్చింది. సివిల్ కోర్టు ఖర్చు, కాలయాపన లేకుండా ఫిర్యాదు చేసే దారి దొరికింది. అయితే ‘లోపం’ నిర్వచనంలో పెట్టిన ఒక ముక్క విలువైనది: చట్టం ప్రకారం గానీ, స్పష్టంగానో అంతర్లీనంగానో ఉన్న ఒప్పందం ప్రకారం గానీ ఉండాల్సిన నాణ్యతలో కొరత ఉంటే అది లోపమే. 16వ సెక్షన్ హామీ ఆ ‘అంతర్లీనం’ గుండా వినియోగదారుల ఫోరంలోకి (ఇప్పటి కమిషన్‌లోకి) వచ్చింది. దాని స్థానంలో వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఇదే నిర్వచనం 2(10)గా కొనసాగింది. కాబట్టి ఫిర్యాదులో వారంటీ షరతు ఉల్లంఘన అని రాస్తే తేదీ దగ్గరే ఓడిపోతారు. అంతర్లీన నాణ్యతలో లోపం అని రాయాలి.

2020 జులై 20న అమల్లోకి వచ్చిన 2019 చట్టంలో ఉత్పత్తి బాధ్యత అనే కొత్త అధ్యాయం చూసి, తయారీ లోపానికి ఇక కంపెనీయే జవాబుదారీ అని చాలామంది సంబరపడ్డారు. 2(22)లో ‘హాని’ నిర్వచనం చదివితే ఆ సంబరం తగ్గుతుంది. ఆ ఉత్పత్తికే జరిగిన నష్టం హాని కిందికి రాదని అక్కడ స్పష్టంగా ఉంది. బ్యాటరీ పేలి బల్ల కాలితే ఆ అధ్యాయం పనికొస్తుంది. బోర్డు చచ్చి ల్యాప్‌టాప్ ఇటుకగా మారితే పనికిరాదు. అంటే మనకు పాత దారే గతి: లోపం, సేవలో కొరత, అనుచిత వ్యాపార పద్ధతి. వారంటీ పుస్తకంలోని ఏకపక్ష షరతులను అన్యాయ ఒప్పందం అని సవాలు చేసే వీలు మాత్రం కొత్తగా వచ్చింది, కానీ ఆ అధికారం రాష్ట్ర కమిషన్, జాతీయ కమిషన్లకే ఉంది, జిల్లా కమిషన్‌కు లేదు.

కోరేదాంట్లోనూ నిదానం అవసరం. కారు క్లచ్ లోపం మీద మారుతి ఉద్యోగ్ కేసులో 2006లో సుప్రీంకోర్టు, వారంటీ ప్రకారం కంపెనీ బాధ్యత లోపమున్న భాగాన్ని బాగుచేయడం లేదా మార్చడమే గానీ కారునే మార్చివ్వడం కాదంది. కంపెనీల న్యాయవాదులు ల్యాప్‌టాప్ కేసుల్లోనూ దీన్నే తీస్తారు. మొత్తం డబ్బు వాపసు ఒక్కటే అడిగితే చేతికి ఏమీ రాకపోవచ్చు. ఉచిత మరమ్మతు, అది కాకపోతే అదే స్థాయి యంత్రం, అదీ కాకపోతే ధర వాపసు అని వరుసగా అడగడం మంచిది.

ఇక లోపం మొదటినుంచీ ఉందని చూపడం ఎలా? దీనికి ల్యాప్‌టాప్ పరిశ్రమ తన చరిత్రలోనే జవాబులు వదిలింది. 2008 జులైలో ఎన్‌విడియా తన కొన్ని నోట్‌బుక్ గ్రాఫిక్స్ చిప్‌ల ప్యాకేజీలో వాడిన పదార్థం బలహీనమైనదని ప్రకటించి, ఆ ఖర్చుల కోసం 15 కోట్ల నుంచి 20 కోట్ల డాలర్లు పక్కన పెట్టింది. చిప్ అడుగున సన్నని సీసపు టంకం బొడిపెలు ఉంటాయి, వాటి మధ్య ఖాళీని ఒక జిగురు నింపి పట్టి ఉంచుతుంది. ల్యాప్‌టాప్ వేడెక్కి చల్లారిన ప్రతిసారీ చిప్, దాని కింది పలక వేర్వేరు మేరకు సాగి ముడుచుకుంటాయి. జిగురు వేడికి మెత్తబడితే ఆ లాగుడంతా బొడిపెల మీద పడి అవి పగులుతాయి. ఇది రోజూ కొంచెం కొంచెంగా జరిగేది కాబట్టి మొదటి ఏడాదిలో చాలా యంత్రాలు బాగానే నడిచాయి. డెల్, హెచ్‌పీ ఆ నమూనాలకు వారంటీ పొడిగించాయి. ఆపిల్ వారంటీ దాటినా ఉచితంగా బాగుచేసింది. తర్వాత 2011 మ్యాక్‌బుక్ ప్రో గ్రాఫిక్స్ లోపానికి 2015లో, బటర్‌ఫ్లై కీబోర్డులకు 2018లో కొన్న తేదీ నుంచి నాలుగేళ్లదాకా ఆపిల్ మరమ్మతు కార్యక్రమాలు పెట్టింది. కీబోర్డుల మీద అమెరికాలో 2022లో కుదిరిన 5 కోట్ల డాలర్ల రాజీ సొమ్ము అక్కడి కొన్ని రాష్ట్రాల వారికే దక్కింది.

అందుకే బోర్డు పోయిందనగానే మొదట చేయాల్సింది, ఆ నమూనాకు కంపెనీ ఉచిత మరమ్మతు కార్యక్రమం ఏదైనా ప్రకటించిందేమో సీరియల్ నంబరుతో చూడడం. ఉంటే గొడవే లేదు. లేకపోయినా అదే నమూనాలో అదే భాగం చాలామందికి పోతున్నట్టు కంపెనీ సొంత సపోర్ట్ వేదికల్లో కనిపిస్తే, తేదీలతో సహా ఆ పేజీలను దాచుకోవాలి. ఒక్క యంత్రం పాడైతే వాడకం లోపం అంటారు, వంద యంత్రాలు ఒకే చోట పాడైతే ఆ మాట అనడం కష్టం. అలాంటివారు కలిసి, కమిషన్ అనుమతితో 2019 చట్టం 35వ సెక్షన్ కింద ఉమ్మడి ఫిర్యాదు కూడా వేయొచ్చు.

సర్వీస్ సెంటర్‌లో ఇచ్చేముందు మూలలు, పోర్టులు, కింది స్క్రూలు, సీరియల్ నంబరు కనిపించేలా ఫొటోలు తీయాలి, లక్షణం వీడియో తీయాలి. జాబ్ షీట్‌లో ‘డెడ్’ అన్న ఒక్క మాట రాయించుకొని వస్తే దేనికీ పనికిరాదు. నీటి తడి లేదు, దెబ్బ లేదు అని రాయించాలి. ఏ భాగం పోయిందో, ఎందుకు పోయిందో కూడా రాసివ్వమని ఈమెయిల్‌లో అడగాలి. తెరను పట్టి తిప్పే హింజ్ విరిగినప్పుడు దాదాపు ప్రతిసారీ ‘ఫిజికల్ డ్యామేజ్’ అని రాసేస్తారు. నిజానికి చాలాసార్లు ప్లాస్టిక్ గుబ్బల్లో దింపిన ఇత్తడి నట్లు, బిగుసుకున్న హింజ్ లాగుడుకు ఊడివస్తాయి. బయట గీత గానీ సొట్ట గానీ లేదన్న ఫొటోయే అక్కడ సాక్ష్యం. బ్యాటరీ సామర్థ్యం ఏళ్లతో తగ్గడం మాత్రం అరుగుదలే, లోపం కింద నిలబడదు.

ఆ కాగితం చేతికొచ్చాకే బయటి టెక్నీషియన్ దగ్గరికి వెళ్లాలి, ముందు కాదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ దుకాణాల సముదాయం సీటీసీలో బోర్డు స్థాయి పని తెలిసినవాళ్లున్నారు. చాలా బోర్డుల్లో చచ్చేది మొత్తం బోర్డు కాదు. 19 వోల్టుల ఇన్‌పుట్ లైన్ మీది ఒక చిన్న సిరామిక్ కెపాసిటరో, స్విచ్‌లా పనిచేసే మాస్‌ఫెట్టో షార్ట్ అవుతుంది. కంపెనీ బోర్డంతా మార్చమంటుంది, ఇక్కడ ఆ ఒక్క భాగం తీసి కొత్తది వేస్తారు. ఏ భాగం షార్ట్ అయిందో మల్టీమీటర్ రీడింగుతో రాయించుకుంటే అది మంచి నివేదిక. చిప్‌ను వేడిచేసి లేపుతామంటే మాత్రం ఒప్పుకోవద్దు. కొన్ని వారాలు నడిచి మళ్లీ పోతుంది, సాక్ష్యమూ పోతుంది. కంపెనీ చూడకముందే విప్పిస్తే ‘బయట చేయి పెట్టారు’ అన్న ఒక్క వాదనతో కేసు బలహీనపడుతుంది.

విక్రేతకూ తయారీదారుకూ లిఖితపూర్వకంగా పదిహేను రోజుల గడువిచ్చి, జవాబు లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయాలి. ఆ హెల్ప్‌లైన్ కంపెనీతో మాట్లాడుతుంది, కొన్నిసార్లు పని కూడా అవుతుంది, కానీ ఆదేశించే అధికారం దానికి లేదు. ఆ తర్వాత ఈ-జాగృతి పోర్టల్‌లో జిల్లా కమిషన్‌కు ఫిర్యాదు పెట్టొచ్చు. మీరు ఉండే చోటే వేయొచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. లోపం పరీక్షతోనే తేలుతుందనుకుంటే కమిషన్ అదే 2019 చట్టం 38వ సెక్షన్ కింద ప్రయోగశాలకు పంపుతుంది, 45 రోజుల్లో నివేదిక రావాలి, ఆ రుసుము ఫిర్యాదుదారే ముందు కట్టాలి. చట్టంలో పరీక్ష అవసరమైన కేసుకు ఐదు నెలల గడువు రాసి ఉంది. దాన్ని నమ్మి లెక్కలు వేసుకోకండి. ఫిర్యాదుకు రెండేళ్ల కాలపరిమితి కారణం పుట్టిన రోజునుంచి నడుస్తుంది, హెల్ప్‌లైన్‌తో మాటలు సాగుతున్నంత మాత్రాన అది ఆగదు. బిల్లు కంపెనీ పేరున, జీఎస్టీ నంబరుతో ఉంటే వాణిజ్య ప్రయోజనమని అభ్యంతరం వస్తుంది. సొంత జీవనోపాధికి వాడుకునేవారికి చట్టంలో మినహాయింపు ఉంది, ఆ సంగతి ఫిర్యాదు మొదటి పేజీలోనే రాయాలి.

విడిభాగాలు, మాన్యువళ్లు బయటివారికి అందాలన్న పోరాటం మన దేశంలో కార్లతో మొదలైంది. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544.65 కోట్ల రూపాయల జరిమానా వేసింది. వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద 2022 జులైలో కమిటీ వేసింది, ఆ డిసెంబరు 24న పోర్టల్ తెరిచింది. అందులో కంపెనీల సర్వీస్ వివరాలు దొరుకుతాయి గానీ దాని వెనక ప్రత్యేక చట్టమేదీ లేదు. వస్తువును ఎంత తేలికగా విప్పి బాగుచేయొచ్చో మార్కులు వేసే సూచిక మీద మరో కమిటీ 2025 మేలో నివేదిక ఇచ్చింది. తొలి దశకు అది ఎంచుకున్నది ఫోన్లు, ట్యాబ్లెట్లు. ఫ్రాన్స్‌లో 2021 జనవరి నుంచే అలాంటి మార్కులు దుకాణంలో ల్యాప్‌టాప్ ధర పక్కన కనిపిస్తున్నాయి. ఇక్కడ కొనేవారు ర్యామ్, ఎస్‌ఎస్‌డీ బోర్డుకు టంకం వేశారా, విడిగా తీయొచ్చా అన్నది కంపెనీ సర్వీస్ మాన్యువల్ వెతికి తామే చూసుకోవాలి.