వసారా దీపం కింద ఏం జరుగుతోంది?

ఒడిశాలోని కోరాపుట్, రాయగడ, పర్లాకిమిడి వైపు ఇంట్లో ఒకటి రెండు గదులు పర్యాటకులకు అద్దెకిచ్చే తెలుగువాళ్ళు వానాకాలం మొదలవగానే అడిగే ప్రశ్న ఒకటుంది. “దీపం వేస్తే చాలు, పురుగులు దండెత్తుతున్నాయి. వచ్చినవాళ్ళు హడలిపోతున్నారు. ఏ మందు కొట్టమంటారు?”

మందు కొట్టొద్దు. ఆరుబయట కొట్టిన మందు ఆ సాయంత్రం వాలినవాటినే చంపుతుంది. మర్నాడు పొలం నుంచి, అడవి నుంచి కొత్తవి వస్తాయి. మార్చాల్సింది బల్బును. ఎందుకో తెలియాలంటే, దీపం దగ్గర పురుగు నిజంగా ఏం చేస్తుందో చూడాలి. కీటకశాస్త్రంలో ఈ మధ్య ఇంత ముచ్చటైన వివరణ నాకు మరొకటి కనపడలేదు.

పురుగు చంద్రుణ్ణి గురుతు పెట్టుకుని ఎగురుతుందనీ, బల్బును చంద్రుడనుకుని సుడి తిరుగుతుందనీ పిల్లలకు ఇప్పటికీ చెబుతున్నాం. లండన్ ఇంపీరియల్ కాలేజీకి చెందిన శామ్యూల్ ఫేబియన్, ఆయనతో కలిసి పనిచేసిన యశ్ సోంధీ తదితరులు దీపాల చుట్టూ ఎగిరే పురుగులను హైస్పీడ్ కెమెరాలతో చిత్రించి, 2024 జనవరిలో ‘నేచర్ కమ్యూనికేషన్స్’ పత్రికలో ఫలితాలు ప్రచురించారు. పురుగులు బల్బు వైపు దూసుకుపోవడం లేదు. బల్బుకు వీపు చూపిస్తూ, దానికి అడ్డంగా ఎగురుతున్నాయి.

గాలిలో ఉన్న చిన్న ప్రాణికి ఏది పైన, ఏది కింద అన్నది తేల్చుకోవడం కష్టం. గిరుక్కున తిరిగినప్పుడల్లా ఒంటికి తగిలే ఊపు, భూమి లాగే బలాన్ని కప్పేస్తుంది. అయితే నమ్మదగిన గురుతు ఒకటుంది. చంద్రుడు లేని రాత్రి కూడా ఆకాశం నేలకన్నా వెలుగ్గానే ఉంటుంది. వెలుగున్న వైపుకి వీపు తిప్పితే చాలు, ఒళ్ళు నిటారుగా నిలుస్తుంది. కోట్ల ఏళ్ళు ఈ ఉపాయం పనిచేసింది. మనం బల్బు పెట్టాక చెడింది.

ఎలా చెడిందో అంచెలంచెలుగా చూడండి. పురుగు ఎగురుతుండగా బల్బు దాని ఎడమ పక్కన వచ్చిందనుకోండి. వీపు ఎడమకు వంగుతుంది. రెక్కలు పుట్టించే బలం ఎప్పుడూ వీపు వైపుకే ఉంటుంది గనక, ఇంతవరకు పైకి లేపిన బలంలో కొంత ఇప్పుడు ఎడమకు లాగుతుంది. ఘాట్‌ రోడ్డు మలుపులో బైకును ఎటు వంచితే అటే తిరిగినట్టు, దారి ఎడమకు వంపు తిరుగుతుంది. తిరిగినా బల్బు ఇంకా ఎడమ పక్కనే ఉంది. మళ్ళీ వంగుతుంది, మళ్ళీ తిరుగుతుంది. అదే ప్రదక్షిణ. బల్బు కిందుగా దాటిపోయిన పురుగుకి వెలుగు వెనకపడుతుంది. వీపును వెనక్కి వాలుస్తుంది, తల పైకి లేస్తుంది, నిట్టనిలువుగా ఎక్కుతూ వేగం పోగొట్టుకుని ఆగిపోతుంది. బల్బు పైనుంచి దాటబోయిన పురుగుకి వెలుగు కిందనుంటుంది. వీపు కిందకు తిప్పుతుంది, అంటే తలకిందులై నేలకు రాలుతుంది.

ఈ పరిశోధకులు తెల్లని గుడ్డ నేలమీద పరిచి వెలిగిస్తే పురుగులు తిరగబడి పడ్డాయి. అదే పలచని వెలుగు పైనుంచి పరుచుకునేలా అమర్చితే మామూలుగా ఎగురుతూ సాగిపోయాయి. అన్నిటికీ ఈ సూత్రం వర్తించలేదు. గన్నేరు ఆకులు తినే గొంగళి నుంచి వచ్చే పెద్ద రాత్రి సీతాకోక, పళ్ళ మీద ముసిరే చిన్న ఈగ ఈ వలలో పడలేదు. ఈ వివరణ దీపం దగ్గరకు వచ్చినవాటికే. చాలా దూరం నుంచి ఎలా వస్తాయన్నది వేరే లెక్క.

ఇక మీ ఇంటికొద్దాం. తోటలో చెట్ల కింద నేలలో పాతి పైకి వెలుగు కొట్టే దీపాలు అందంగా ఉంటాయని పెట్టిస్తున్నారు. పురుగులకు అంతకన్నా పాడు అమరిక లేదు, తీసేయండి. స్తంభానికి వేలాడే బోడి బల్బుదీ దాదాపు అదే సంగతి. బల్బు పక్కనుంచి కంటికి కనపడకుండా లోతైన రేకు డిప్ప తగిలించండి. డిప్ప అంచు బల్బుకన్నా నాలుగు వేళ్ళు కిందకు దిగాలి. వెలుగు నేలమీదే పడాలి. సున్నం కొట్టిన గోడను ఆనుకుని బల్బు పెడితే ఆ గోడే రెండో దీపమవుతుంది.

రంగు కూడా ముఖ్యం. చాలా కీటకాల కళ్ళలో వెలుగును పట్టే గ్రాహకాలు మూడు రకాలుంటాయి. ఒకటి అతినీలలోహితానికి, సుమారు 350 నానోమీటర్ల (వెలుగు అలల పొడవు కొలత) దగ్గర. రెండోది నీలానికి, 440 ప్రాంతంలో. మూడోది ఆకుపచ్చకు, 530 దగ్గర. చల్లని తెలుపు ఎల్ఈడీలో 450 దగ్గర పెద్ద నీలి శిఖరం ఉంటుంది, పాత సీఎఫ్ఎల్ నుంచి కాస్త అతినీలలోహితం కూడా కారుతుంది. కొనేటప్పుడు డబ్బా మీద 6500 కెల్విన్ (వెలుగు రంగు చెప్పే అంకె, పెరిగేకొద్దీ నీలం ఎక్కువ) అని ఉంటే వదిలేసి, 2700 లేదా అంతకు తక్కువ ఉన్నది తీసుకోండి. వసారాకి 3 నుంచి 5 వాట్లు చాలు.

బల్బు గుమ్మం మీద ఉండకూడదు. తలుపు తీసిన ప్రతిసారీ పురుగులు లోపలికొస్తాయి, వాటి కోసం బల్లులు ద్వారబంధం ఎక్కుతాయి. వేటలో ఉన్న బల్లి పట్టు తప్పితే కింద ఉన్నవాళ్ళ నెత్తిన పడుతుంది. దానికి బల్లిశాస్త్రం తిరగేసి అతిథిని భయపెట్టకండి, బల్బును నాలుగైదు మీటర్లు అవతలికి జరపండి. తొలకరి వాన వెలిసిన సాయంత్రం ఉసిళ్ళు లేచినప్పుడు మాత్రం ఏ బల్బూ గట్టెక్కించదు. గంటో రెండు గంటలో బయట దీపాలు ఆర్పేయడమే.

వరిమళ్ళ పక్క ఇళ్ళకు దీపం కోసం వచ్చే పెడెరస్ అనే చిన్న పెంకుపురుగును అతిథులకు తప్పక చూపించాలి. పొడవు 7 నుంచి 10 మిల్లీమీటర్లు, సన్నగా, నారింజ, నలుపు పట్టీలతో ఉంటుంది. నీలిమెరుపు రెక్క డిప్పలు సగం ఒంటికి కూడా చాలవు. పొలంలో ఇది రైతు పక్షం, దోమపోటు పురుగుల్ని తింటుంది. కరవదు, కుట్టదు. చర్మం మీద చిదిపితేనే ప్రమాదం. దాని ఒంటిలోని ద్రవంలో పెడెరిన్ అనే పదార్థం ఉంటుంది. దాన్ని తయారుచేసేది పురుగు కాదు, దాని ఒంట్లో బతికే సూడోమోనాస్ వర్గపు బ్యాక్టీరియా. పెడెరిన్ మన చర్మకణాల్లో మాంసకృత్తుల తయారీని ఆపేస్తుంది. కణాలు చచ్చి పొక్కులు లేవడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది గనక, కారణం ఎవరికీ తట్టదు. బల్లి ఉచ్చ అంటారు, సర్పి అంటారు, కావి పూస్తారు. వాలితే ఊది పంపేయండి. చిదిగితే వెంటనే సబ్బుతో కడగండి, ఆ చేత్తో కన్ను నలపకండి, పక్క దుప్పటి మార్చండి.

దీపం కింద రాలిన పురుగుల కోసం కప్పలు చేరతాయి. కప్పలు, బల్లులు, ఎలుకలు, తోటి పాములు కట్లపాముకి ఆహారం. నేలమీద పడుకున్నవాళ్ళను రాత్రి కరిచే పాము ఇదే. కాటు నొప్పి పుట్టదు, గాటు కనపడకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, ఆపై రెప్పలు వాలడం, మింగలేకపోవడం, ఊపిరి అందకపోవడం. విషంలోని బీటా బంగారోటాక్సిన్, కండరానికి సంకేతం పంపే నాడి కొసనే ధ్వంసం చేస్తుంది. విరుగుడు మందు రక్తంలో తిరిగే విషాన్ని పట్టుకోగలదు, చెడిన కొసను బాగుచేయలేదు. అది మళ్ళీ మొలిచేదాకా, రోజుల తరబడి, వెంటిలేటరే ఊపిరి పోయాలి. అందుకే అనుమానం రాగానే 108కి ఫోన్ చేయాలి. రోగిని నడిపించకండి, కట్టు బిగించకండి, కోయకండి. పామును చంపి తేనక్కరలేదు. మన దేశంలో దొరికే విరుగుడు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర నాలుగింటికీ ఒకటే. విరుగుడూ వెంటిలేటరూ రెండూ ఉన్న ఆసుపత్రి ఏదో ముందే కనుక్కుని గది గోడకు రాసిపెట్టండి. వెల్లుల్లి, ఉప్పు, కార్బాలిక్ ఆమ్లం పామును ఆపవు. తలుపు కింద సందుకి రబ్బరు పట్టీ ఆపుతుంది. తేళ్ళ కోసం 395 నానోమీటర్ల టార్చి ఒకటి కొనండి, ఆ వెలుగులో తేలు ఆకుపచ్చగా మెరుస్తుంది.

మంచం వేసి, దోమతెర అంచుల్ని పరుపు కిందకు నాలుగు వైపులా దోపండి. వేలాడదీసి వదిలేస్తే పాము, జెర్రి, దోమ మూడూ దూరతాయి. దోమ మన ఊపిరి వాసనకు వస్తుంది, కాబట్టి బల్బు మార్చినా తెర తప్పదు. ఈ కొండవాగుల్లో గుడ్లు పెట్టే అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ దోమ ఫాల్సిపారం మలేరియాను మోస్తుంది. కాటు తర్వాత జ్వరం రావడానికి సాధారణంగా ఒకటి రెండు వారాలు పడుతుంది, అప్పటికి అతిథి విశాఖలోనో హైదరాబాదులోనో ఉంటాడు. నెలలోపు జ్వరమొస్తే కోరాపుట్ వెళ్ళొచ్చామని డాక్టరుతో చెప్పి, మలేరియా పరీక్ష చేయించుకోమని గది ఖాళీ చేసే రోజే చెప్పి పంపండి.