బీరువా తలుపు మీద అల ఎక్కడ పుట్టింది?

పెళ్లిళ్ల సీజన్ దగ్గర పడిందంటే వరంగల్‌లో బీరువాలు తయారుచేసే షాపులకు ఊపిరి సలపదు. అదే సమయంలో ఓ పాత గొడవ కూడా మళ్లీ లేస్తుంది. షీటు 20 గేజీయే, తూకం సరిపోయింది, తుప్పు మచ్చ లేదు. కానీ బల్ల మీద పరిస్తే అంచు పొడవునా అలలు. నడుమ పొంగిన చోట వేలితో నొక్కితే టప్పుమని లోపలికి పోతుంది, వదిలితే అదే శబ్దంతో బయటికి వస్తుంది. పౌడర్ కోటింగ్ అయ్యాక ట్యూబ్‌లైట్ వెలుగు తలుపు మీద వంకర్లు తిరుగుతుంటే కొన్న మనిషి ఊరుకోడు. షాపువాళ్లు హైదరాబాద్ డీలర్‌ను అంటారు. లారీలో ఎక్కించేటప్పుడో దించేటప్పుడో వంగి ఉంటుందని డీలర్ అంటాడు.

లారీ తప్పు కొంత ఉండొచ్చు. దించేటప్పుడు మూల వంగుతుంది, గీత పడుతుంది. కానీ అంచు పొడవునా ఒకే ఎడంతో, కొలిచి పెట్టినట్టు వచ్చే అలలు లారీలో పుట్టవు. అవి కొన్ని వందల మైళ్ల అవతల రోలింగ్ మిల్లులోనే పుట్టి, షీటులో దాక్కుని వచ్చాయి. వాటిని పట్టుకోవడానికి ఉక్కు, అల్యూమినియం పరిశ్రమలు వందేళ్లుగా తంటాలు పడుతున్నాయి.

ముందు అల ఎందుకొస్తుందో చూద్దాం. చీరకు కుట్టిన ఫాల్ ఉతికాక కుంచించుకుపోతే అంచంతా ముడతలు పడుతుంది కదా. చీర పొడవు మారలేదు, ఫాల్ పొడవు తగ్గింది, ఎక్కువైన గుడ్డ ఎక్కడికి పోవాలో తెలియక ముడత పడింది. రేకులోనూ జరిగేది ఇదే. రెండు రోలర్ల మధ్య రేకు నలిగినప్పుడు తగ్గిన మందం పొడవుగా మారుతుంది. పల్చటి వెడల్పు రేకులో లోహం పక్కకు జరగలేదు కాబట్టి పోగలిగేది ముందుకే. అంచుల్లో కాస్త ఎక్కువ నలిగితే అంచు పొడవై అలలు లేస్తాయి. నడుమ ఎక్కువ నలిగితే నడుమ పొంగుతుంది.

ఆ 'కాస్త' ఎంతో లెక్క వేస్తే నమ్మబుద్ధి కాదు. 20 గేజీ అంటే దాదాపు 0.9 మి.మీ. మందం. అంచున ఆ మందంలో వెయ్యో వంతు, అంటే ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కూడా లేనంత, ఎక్కువ నలిగిందనుకోండి. అంచు పొడవు కూడా వెయ్యో వంతు పెరుగుతుంది, అర మీటరుకు అర మిల్లీమీటరు. అర మీటరుకో అల చొప్పున ఆ పొడవంతా అలగా లేస్తే దాని ఎత్తు లెక్క ప్రకారం 10 మి.మీ.కు చేరుతుంది. షాపులో ఉండే మైక్రోమీటరుకు మందంలో ఈ తేడా దొరకదు. అందుకే మందం కొలిచి 'షీటు బాగానే ఉంది' అనే డీలర్ అబద్ధం చెప్పడం లేదు, కొలవాల్సింది కొలవడం లేదు అంతే. మిల్లుల్లో ఈ పొడవు తేడాను ఐ-యూనిట్లలో చెబుతారు. లక్షలో ఒక వంతు తేడా ఒక ఐ-యూనిట్. పైన చెప్పిన అల 100 ఐ-యూనిట్లది.

ఉత్తర తెలంగాణలో లోహం పని గురించి మాట్లాడితే ముందుగా నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కును తలుస్తారు. కానీ అది మూసల్లో కరిగించి కత్తులకు వాడిన ముద్ద ఉక్కు, దాని కథ వేరు. కరీంనగర్ ఫిలిగ్రీ పనిలో వెండి తీగను నొక్కి పట్టీ చేస్తారు గానీ, అంత సన్నటి పట్టీలో లోహం పక్కలకు కూడా జరుగుతుంది, అందుకే అక్కడ ఈ అలల బెడద రాదు. రేకు స్వభావం బాగా తెలిసినవాళ్లను చూడాలంటే హైదరాబాద్ రోడ్డు మీద పెంబర్తి దగ్గర ఆగాలి. కాకతీయుల కాలం నుంచి వస్తోందని చెప్పే ఇత్తడి రేకు పని అక్కడిది. రేకును కాల్చి మెత్తబరిచి, లక్క మిశ్రమం మీద పెట్టి, వెనక నుంచి సుత్తితో కొట్టి బొమ్మను ఉబ్బిస్తారు. కొట్టిన చోట లోహం పల్చబడి విస్తీర్ణం పెరుగుతుంది, పక్కనున్నది పెరగదు కాబట్టి ఉబ్బక తప్పదు. అనుకోకుండా పొంగిన రేకును చదును చేయాలంటే పొంగు మీద కొట్టకూడదు. కొడితే ఇంకా పొంగుతుంది. దాని చుట్టూ బిగువుగా ఉన్న చోట కొట్టి, ఆ భాగాన్ని కూడా అంత పొడవుకు సాగదీయాలి. చదును రేకులో సాగిన లోహాన్ని చల్లగా ఉండగా సుత్తితో కుదించడం తేలిక కాదు. మిగతాదాన్ని దానితో సమానం చేయడమే మామూలు దారి. రోలింగ్ మిల్లులో ఎన్ని యంత్రాలు వచ్చినా ఈ సూత్రం మారలేదు.

ఇక మిల్లుల సంగతి. రోలర్లను రెండు చివర్లా బిగించి మధ్యలో వందల టన్నుల బలం మోపితే అవి విల్లులా వంగుతాయి. అప్పుడు నడుమ సందు పెరిగి, అంచులు ఎక్కువ నలుగుతాయి. దీనికి మొదట్లో కనిపెట్టిన మందు రోలర్‌నే నడుమ కాస్త లావుగా చెక్కడం. బరువు పడి వంగినప్పుడు రేకును తాకే వైపు తిన్నగా అవుతుందని లెక్క. కానీ ఒక బరువుకు సరిపోయిన చెక్కుడు ఇంకో బరువుకు సరిపోదు. పైగా పని సాగేకొద్దీ రోలర్ నడుమ వేడెక్కి వ్యాకోచిస్తుంది. షిఫ్టు మొదట్లో అంచు అలలతో వచ్చిన రేకు, రెండు గంటలయ్యాక నడుమ పొంగుతో రావడానికి కారణం ఇదే.

అసలు మలుపు అమెరికాలో వచ్చింది. ఆర్మ్‌కో కంపెనీలో పనిచేసిన జాన్ టైటస్ కాగితం మిల్లుల కుటుంబంలో పుట్టినవాడు. కాగితం ఆగకుండా చుట్టలుగా రావడం చూసి పెరిగినవాడికి, ఉక్కు రేకును కార్మికులు దొంతర్లు పెట్టి చేతులతో అందిస్తూ నలగ్గొట్టడం వింతగా తోచిందంటారు. కెంటకీ రాష్ట్రం ఆష్‌లాండ్‌లో 1923-24లో ఆయన నడిపించిన మిల్లుతో వెడల్పు రేకు ఆగకుండా రావడం మొదలైంది. ఆయన పట్టుకున్న కిటుకు ఇది: రేకు పూర్తి సమంగా ఉండాలని పట్టుబట్టకూడదు. నడుమ కాస్త మందంగా ఉండనిచ్చి, ఒక్కో రోలర్ జత దాటేకొద్దీ ఆ ఉబ్బును మందంతో పాటు అదే నిష్పత్తిలో తగ్గించుకుంటూ పోవాలి. 2.5 మి.మీ. రేకులో 50 మైక్రాన్ల ఉబ్బుంటే, అది 1 మి.మీ.కు దిగేసరికి ఉబ్బు 20 మైక్రాన్లకు రావాలి. నిష్పత్తి తప్పితే అల తప్పదు. 1926లో పెన్సిల్వేనియాలోని బట్లర్ మిల్లు ఒక్కో స్టాండులో, అంటే రోలర్లు బిగించే ఒక్కో చట్రంలో, నాలుగు రోలర్లతో వచ్చింది. సన్నటి పని రోలర్లకు బలం తక్కువ చాలు, వాటి వెనక లావుపాటి రోలర్లు దన్నుగా నిలిచి వంపును తగ్గిస్తాయి.

ఈ నిష్పత్తి లెక్కలోనే ఒక మెలిక ఉంది. రేకు మందంగా, ఎర్రగా ఉన్నప్పుడు లోహం కొంత పక్కలకు కూడా జరుగుతుంది కాబట్టి ఉబ్బును మార్చుకునే వీలుంటుంది. కొన్ని మిల్లీమీటర్లకు దిగాక ఆ వీలు పోతుంది. అంటే సీఆర్ (కోల్డ్ రోల్డ్, చల్లగా నలిపిన) షీటులో కనిపించే తప్పుకు బీజం చాలాసార్లు ఎర్రగా కాల్చి నలిపే హాట్ మిల్లులోనే పడుతుంది. కోల్డ్ మిల్లువాళ్లు హాట్ మిల్లువాళ్లను తిట్టుకోవడం మన షాపువాళ్లు డీలర్‌ను తిట్టుకోవడం లాంటిదే, కాకపోతే వాళ్ల వాదనలో కొంచెం ఎక్కువ పస ఉంది.

తర్వాత నలభై ఏళ్లూ ధ్యాసంతా మందం మీదే. 1925లో వాన్ కార్మాన్, 1943లో ఒరోవాన్ అనే శాస్త్రవేత్తలు ఇచ్చిన రోలింగ్ సిద్ధాంతాలు రేకును పక్క నుంచి చూసి, మందాన్నీ పొడవునూ లెక్కగట్టినవి. వెడల్పు మొత్తం ఒకేలా ఉంటుందని అనుకున్నారు. 1950లలో బ్రిటన్‌లోని ఉక్కు పరిశోధన సంస్థ బిస్రా మందాన్ని తనంతట తానే సరిచేసుకునే ఏర్పాటును ముందుకు తెచ్చింది. కొనేవాడు అడిగేది మందమే కాబట్టి అది ముందు రావడం సహజం. కానీ మందం సరిచేయడానికి బలం పెంచినప్పుడల్లా రోలర్ వంపు మారుతుంది, చదును చెడుతుంది. ఒక జబ్బుకు వేసిన మందు ఇంకో జబ్బును తెచ్చిందన్నమాట.

చదును కొలవడం ఎందుకంత ఆలస్యమైంది? కోల్డ్ మిల్లులో రేకు విపరీతమైన టెన్షన్‌లో ఉంటుంది. చదరపు మి.మీ.కు పది కిలోల బలంతో లాగుతున్నారనుకుందాం. 10 ఐ-యూనిట్ల పొడవు తేడా ఉక్కులో చదరపు మి.మీ.కు దాదాపు రెండు కిలోల తేడాగా మారుతుంది. కాబట్టి 30 ఐ-యూనిట్ల తప్పున్నా, పొడుగు భాగం కూడా ఇంకా సాగి బిగువుగానే ఉంటుంది. కంటికి అద్దంలా కనిపిస్తుంది. కాయిల్ విప్పి, ముక్క కోసి, లాగే బలం పోయాక అల బయటపడుతుంది. దీన్ని కనిపెట్టడానికి పాతకాలపు ఆపరేటర్ చేతిలో ఉన్నది ఒక కర్ర. పరుగెత్తే రేకును అంచున ఒకసారి, నడుమ ఒకసారి కర్రతో తట్టి, ఎక్కడ వదులుగా ఉందో చేతికి తగిలే తీరును బట్టి చెప్పేవాడు. తబలా శ్రుతి చేసేవాడి నైపుణ్యం అది, తక్కువదేమీ కాదు. కానీ మిల్లు వేగం పెరిగేకొద్దీ కర్రతో దగ్గరికి పోవడమే ప్రాణాంతకమైంది.

ఆ కర్ర చేసే పనిని యంత్రానికి అప్పగించింది స్వీడన్ కంపెనీ 'ఆసియా' (ASEA), నేటి ఏబీబీ. బరువు పడితే ఉక్కు అయస్కాంత గుణం మారుతుందన్న సూత్రంతో వాళ్లు 1954లోనే ఒక బరువు కొలిచే సాధనం చేశారు. అలాంటివాటిని రేకు ఒరుసుకుంటూ పోయే రోలర్ లోపల పక్కపక్కనే అమర్చారు. రేకు బిగువుగా ఉన్న చోట రోలర్ మీద ఎక్కువ నొక్కుతుంది, వదులుగా ఉన్న చోట తక్కువ. 52 మి.మీ. వెడల్పు భాగాలుగా, తర్వాత ఇంకా చిన్నవిగా 26 మి.మీ. భాగాలుగా, ఎక్కడెంత బిగువో తెర మీద చూపిస్తుంది. స్ట్రెస్సోమీటర్ అనే ఈ పరికరం 1967లో కెనడాలోని కింగ్‌స్టన్‌లో ఆల్కన్ అల్యూమినియం మిల్లులో మొదట పనిలోకి వచ్చింది. దాగి ఉన్న తప్పు అంకెగా కనబడిన రోజు అదేనని నా అభిప్రాయం. ఆ తర్వాత వచ్చినవన్నీ ఆ అంకెకు జవాబులే.

జవాబులు చాలా వచ్చాయి. రోలర్ల మెడల దగ్గర హైడ్రాలిక్ జాక్‌లు పెట్టి వాటిని కావాలని అటో ఇటో వంచడం 1960లలోనే వాడుకలోకి వచ్చింది. అంచు వదులైతే ఒక వైపు, నడుమ వదులైతే ఇంకో వైపు. 1970లలో జపాన్‌లో హిటాచీ పని రోలర్లకూ దన్ను రోలర్లకూ మధ్య ఇంకో జత పెట్టి ఆరు రోలర్ల మిల్లు చేసింది. మధ్య రోలర్‌ను పక్కకు జరిపి, రేకు అంచు దాటిన చోట అనవసరంగా పడే ఒత్తిడిని తప్పించింది. 1980లలో జర్మనీ వాళ్లు రోలర్లనే సీసా ఆకారంలో చెక్కారు. పై దానికి లావు చివర ఇటు, కింది దానికి అటు. రెంటినీ ఎదురెదురుగా జరిపితే సందు ఆకారం మారిపోతుంది, రోలర్ మార్చనక్కర్లేదు. మిత్సుబిషి పై జతనూ కింది జతనూ కత్తెరలా ఏటవాలుగా పెట్టింది. ఇవి కూడా పట్టుకోలేని చిన్న చిన్న పొంగులకు, ముఖ్యంగా అల్యూమినియంలో, రోలర్ పొడవునా వరసగా నాజిల్స్ పెట్టి వదులైన చోట మాత్రమే చల్లటి ద్రవం చిమ్ముతారు. అక్కడ రోలర్ మైక్రాన్ల లెక్కన కుంచించుకుని, రేకు మీద పట్టు కాస్త వదులుతుంది.

ఇంత చేసినా మిగిలే దానికి లెవెలర్ ఉంది. రేకును సన్నటి రోలర్ల వరసలో అటూ ఇటూ వంచుతూ లాగి, పొట్టిగా ఉన్న భాగాన్ని పొడుగు భాగంతో సమానమయ్యేదాకా సాగదీస్తుంది. అంటే పెంబర్తి సుత్తి పనే.

మన దగ్గరికి వస్తే, తెలుగువాళ్ల సొంత ఉక్కు కర్మాగారమని చెప్పుకునే విశాఖ ఉక్కు కడ్డీలు, తీగచుట్టల వంటి పొడవాటి సరుకు కోసం కట్టింది. రేకు అక్కడి నుంచి రాదు. దేశంలో వెడల్పు రేకు కోసం ప్రభుత్వం జర్మన్ల సాయంతో రూర్కెలా, తర్వాత సోవియట్ సాయంతో బొకారో కట్టింది. 1991 తర్వాత ప్రైవేటు మిల్లులు పెరిగాయి. బయ్యారం ఖనిజం పేరుతో ఉక్కు కర్మాగారం సంగతి పరిశీలించాలని 2014 విభజన చట్టంలో రాశారు గానీ, అది వచ్చినా రేకు మిల్లుతో వస్తుందన్న పూచీ ఏమీ లేదు. కాజీపేటలో రైల్వే తయారీ యూనిట్‌కు 2023 జూలై 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. అక్కడ కోచ్‌లు కూడా చేస్తామని రైల్వే శాఖ తర్వాత ప్రకటించింది. కోచ్ పక్కగోడకు చదును లేని రేకు పనికిరాదు. వెల్డింగ్ వేడికి వచ్చే వంకర్లు ఎలాగూ ఉంటాయి, వాటికి రేకులో పుట్టు వంకర తోడైతే ఎండలో నిలబెట్టిన కోచ్ మీద ప్రతి అలా కనిపిస్తుంది. పెద్ద సంస్థ కాబట్టి కావలసిన చదును రాసిచ్చి మరీ ఆర్డర్ పెట్టగలదు.

బీరువా షాపుకు ఆ సౌకర్యం లేదు. సీఆర్ రేకుకు యూరప్ ప్రమాణం ఈఎన్ 10131 చదునును రెండు తరగతులుగా చెబుతుంది. 0.7 నుంచి 1.2 మి.మీ. మందం, 1200 మి.మీ. లోపు వెడల్పు ఉన్న మెత్తటి ఉక్కు రేకుకు మామూలు తరగతిలో 10 మి.మీ. అల దాకా ఒప్పే. ప్రత్యేక తరగతిలో 4 మి.మీ. దాటకూడదు. మొదట లెక్క కట్టిన అల మామూలు తరగతిలో అంచు మీద పాసైపోతుందన్నమాట. ప్రత్యేక తరగతి కావాలంటే మిల్లుకు ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పాలి. మూడో చేతి మీదుగా పది షీట్లు కొనేవాడికి ఎవరితో చెప్పాలో తెలియదు, బిల్లు మీద గేజీ, బరువు, కిలో ధర తప్ప ఇంకో గడి ఉండదు.

కాబట్టి షాపువాళ్లు తమకు చేతనైన దారి వెతుక్కున్నారు. తలుపు అంచులను రెండు మడతలు వేస్తారు, వెనక నిలువునా ఒక పట్టీ వెల్డ్ చేస్తారు. ముందువైపు గీతలు, చారలు నొక్కుతారు. చూసేవాళ్లు డిజైన్ అనుకుంటారు గానీ, ఆ గీతలు రేకును గట్టిపరిచి అలను దాచేస్తాయి. 1829లో లండన్‌లో హెన్రీ పామర్ ముడతల రేకుకు పేటెంట్ తీసుకున్నది కూడా గట్టిదనం కోసమే. ఏనుమాముల మార్కెట్ వైపు గోదాముల కప్పుల మీద ఎవరూ అలల గురించి ఫిర్యాదు చేయకపోవడానికి కారణం, ఆ రేకు అంతా అలలే కావడం. చారలు లేని నున్నటి తలుపే కావాలని పట్టుబట్టే పెళ్లివారు వస్తే మాత్రం షాపువాళ్లు దొంతరలోంచి నాలుగైదు షీట్లు లాగి, బల్ల మీద పరిచి, వేలితో నొక్కి చూసి, టప్పుమనని దాన్ని పక్కన పెట్టుకుంటారు.