బండి లేపే ముందు: పికప్ లిఫ్ట్ మీద అపోహలు, వాస్తవాలు

"అన్నా, బండి జర లేపాలె, తక్కువల అయిపోవాలె." వానలు మొదలయ్యే ముందు వర్క్‌షాపుకు వచ్చే పికప్ ఓనర్లు ఎక్కువగా అడిగేది ఇదే. పరకాల, నర్సంపేట, ములుగు వైపు బండ్లు. సీజన్‌లో వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి, పత్తి. పండగొస్తే ఇంటిల్లిపాదీ అందులోనే. దారి అంతా డాంబరే ఉంటుంది. చేను దగ్గర మాత్రం కొంత దూరం నల్లరేగడి, ట్రాక్టర్లు తొక్కిన లోతు గాడులు. అక్కడ కింద ఒక్కసారి తగిలితే చాలు, లిఫ్ట్ మీద, అంటే సస్పెన్షన్ మార్చి బండి ఎత్తు పెంచడం మీద మనసు పడుతుంది.

ఎన్ని ఇంచులు లేపాలని అందరూ అడుగుతారు. నేను తిరిగి అడిగేది, బండిలో రోజూ ఎంత బరువు ఉంటుందని. ఎత్తు, ఖర్చు, కుదుపు అన్నీ ఆ జవాబు మీదే ఆధారపడతాయి.

అపోహ: కింద తగులుతోందంటే లిఫ్ట్ వేయాల్సిందే.

వాస్తవం: అలా వచ్చే బండ్లలో చాలావాటికి అసలు జబ్బు కుంగిపోయిన కమాన్లు, అంటే బండి బరువు మోసే వంపు ఇనుప పట్టీల స్ప్రింగులు. బండిని సమతలం మీద ఖాళీగా నిలబెట్టి, చక్రం నడిమి నుంచి నిటారుగా ఫెండర్ అంచు దాకా టేపు పెట్టండి. నాలుగు చక్రాలకూ కొలత రాసుకోండి. అదే మోడల్, అదే సైజు టైర్లున్న కొత్త బండి దొరికితే దాన్నీ కొలవండి. తేడా ఇంచు దాటితే మీకు కావాల్సింది లిఫ్ట్ కాదు, పోయిన ఎత్తు తిరిగి రావడం. కమాన్ పట్టీల వంపు పోయి బల్లపరుపుగా కనిపిస్తున్నాయా, కమాన్ చివర్ల రబ్బరు బుష్‌లు చీలాయా, యాక్సిల్ చాసిస్‌కు తగలకుండా ఆపే బంప్ స్టాప్ రబ్బరు నలిగి ముక్కలైందా చూడండి. పాత పట్టీలకు వంపు కొట్టిస్తే చవకే, కానీ బరువు మోసే బండిలో అది ఎక్కువ కాలం నిలవదు. పగులున్న పట్టీని మార్చడం తప్ప దారి లేదు. కంపెనీ కమాన్లు, కొత్త బుష్‌లు, కొత్త షాకబ్జర్లు వేయించుకుని అంతటితో సరిపెట్టుకున్నవాళ్లు చాలామంది. ఆర్‌సీ గొడవా లేదు, అలవాటు పడని కుదుపూ లేదు.

అపోహ: రెండించులు లేపితే బండి కిందంతా రెండించులు పెరుగుతుంది.

వాస్తవం: చాసిస్, డీజిల్ ట్యాంకు, బంపర్ పెరుగుతాయి. వెనక యాక్సిల్ నడుమ ఉండే డిఫరెన్షియల్ (రెండు చక్రాలకూ శక్తి పంచే గుండ్రటి డబ్బా) మాత్రం అంగుళం కూడా కదలదు, ఎందుకంటే అది చక్రాలతో పాటే ఉంటుంది. గాడుల మధ్య దిబ్బకు ముందుగా గీసుకునేది తరచుగా అదే. దాన్ని పైకి తెచ్చేది టైరు ఒక్కటే, అదీ కొద్దిగా. 245/70 ఆర్16 టైరు వ్యాసం సుమారు 749 మి.మీ., 245/75 ఆర్16ది సుమారు 774. తేడా 25 మి.మీ. అయినా యాక్సిల్ లేచేది అందులో సగం, పన్నెండు మి.మీ. చిల్లర. పైగా పాత టైర్లతో మీటరు సరిగ్గా చూపించేదైతే, ఇప్పుడు అది 80 చూపిస్తుంటే నిజానికి మీరు దాదాపు 82, 83లో పోతుంటారు. రేగడిలో కూరుకుపోవడమే మీ బాధ అయితే, ముందు చూడాల్సింది టైరు గాట్లు, గాలి. ఎత్తు సంగతి ఆ తర్వాత.

అపోహ: ముందు స్పేసర్లు (స్ప్రింగు పైన పెట్టే దిమ్మలు), వెనక పొడుగు షాకిళ్లు (కమాన్ చివరను చాసిస్‌కు కలిపే పట్టీలు). కొద్ది వేలల్లో పని అయిపోతుంది.

వాస్తవం: పని అవుతుంది. ఏం అవుతుందో తెలుసుకుని చేయించుకోండి. వీ-క్రాస్, హైలక్స్ లాంటి బండ్లకు ముందు కాయిల్ స్ప్రింగులు, వెనక కమాన్లు. ముందు షాకబ్జర్, చక్రాన్ని చాసిస్‌కు కలిపే కింది ఆర్మ్ చివరన కాకుండా మధ్యలో ఎక్కడో బిగించి ఉంటుంది. అందుకే దాని నెత్తిన పెట్టే స్పేసర్ మందం కన్నా చక్రం దగ్గర ఎత్తు బాగా ఎక్కువ పెరుగుతుంది, చాలా బండ్లలో రెట్టింపు దాకా. 50 మి.మీ. లిఫ్ట్ కదా అని 50 మి.మీ. దిమ్మ తెచ్చే వాళ్లున్నారు. అది వేస్తే చక్రం దిగాల్సిన జాగా అంతా దిమ్మే తినేస్తుంది. స్పీడ్ బ్రేకర్ దిగగానే టప్‌మని శబ్దం వస్తుంది. బాల్ జాయింట్లు, ముందు చక్రాలను తిప్పే యాక్సిల్ షాఫ్టు సీవీ జాయింట్లు ఎప్పుడూ వంకరగానే తిరుగుతాయి. ఆ జాయింటు మీది రబ్బరు తొడుగు (సీవీ బూటు) చిరిగిందంటే గ్రీసు బయటికి, బురద లోపలికి. ఆ షాఫ్టు ఖర్చు ముందు స్పేసర్ల ఖర్చు లెక్కలోకి రాదు.

వెనక షాకిల్ సంగతి తిరగబడి ఉంటుంది. షాకిల్ 50 మి.మీ. పెంచితే ఎత్తు పెరిగేది సుమారు 25. ఆ పెరుగుదలతో యాక్సిల్ కొంచెం తిరిగి, గేర్‌బాక్సు నుంచి వెనక యాక్సిల్‌కు వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టు కోణం మారుతుంది. షాఫ్టు రెండు ముక్కలుగా, మధ్యలో బేరింగుతో ఉన్న బండి అయితే, ఆగిన చోటు నుంచి కదిలేటప్పుడు సీటు కింద గరగర మొదలవుతుంది. ఓనర్ గేర్‌బాక్సో, క్లచ్చో పోయిందని టెన్షన్ పడతాడు.

రోజూ తిరిగే బండికి ముందు వైపు పెరిగే ఎత్తును నేను 40 మి.మీ. దాటనివ్వను. అంతకన్నా కావాలంటే స్ప్రింగు, షాకబ్జర్ కలిసి ఉన్న పూర్తి కిట్టే వేసుకోండి. ఓల్డ్ మ్యాన్ ఈము, ఐరన్‌మ్యాన్ లాంటి ఆస్ట్రేలియా కిట్లకు లక్ష చుట్టుపక్కల చూసుకోవాల్సిందే. అంత పెట్టలేకపోతే ఎత్తు తగ్గించుకోండి, భాగాలు తగ్గించొద్దు. ముందు కూడా కమాన్లే ఉన్న బండి అయితే, ముందు యాక్సిల్‌కూ కమాన్‌కూ మధ్య దిమ్మ పెట్టించుకోకండి, ఎవరు ఎంత నమ్మకంగా చెప్పినా సరే.

అపోహ: ఒక పట్టీ ఎక్కువ వేస్తే బరువు ఎక్కువ వేసుకోవచ్చు.

వాస్తవం: ఆర్‌సీలో రాసిన బరువే బరువు. బ్రేకులు, యాక్సిల్, బేరింగులు, టైర్లు పాతవే కదా. అదనపు పట్టీ వల్ల వెనక కుంగడం తగ్గుతుంది, అంతే. రోజూ బరువుతోనే తిరిగే బండికి అది మంచి పని, చవక కూడా. నెలలో నాలుగు రోజులే లోడు వేసి మిగతా రోజులు ఖాళీగా హనుమకొండ తిరిగేవాళ్లకు మాత్రం అదే శిక్ష. గుంత గుంతకూ వెనక ఎగిరి పడుతుంది, తడి రోడ్డు మీద బ్రేకు కొడితే వెనక చక్రం జారుతుంది. మంచి కిట్లలో కమాన్లు ఎప్పుడూ ఉండే బరువును బట్టి రకాలుగా దొరుకుతాయి. అక్కడ గొప్పకు పోయి హెవీ తీసుకోకండి.

దీంట్లోనే ఎవరూ అడగని విషయం ఒకటుంది. చాలా పికప్‌లలో వెనక యాక్సిల్‌కూ చాసిస్‌కూ మధ్య ఒక సన్నని కడ్డీ ఉంటుంది. అది వెనక ఎంత బరువుందో చూసి వెనక బ్రేకు ఒత్తిడిని మార్చే వాల్వుది. వెనక లేపగానే అది బండి ఖాళీగా ఉందనుకుంటుంది. మీరు నిండా బస్తాలు వేసినా వెనక బ్రేకు తక్కువే పడుతుంది. లిఫ్ట్ వేసిన చోటే ఆ కడ్డీని కూడా సెట్ చేయించాలి. బ్రేకు హోసులు, ఏబీఎస్ వైర్లు లాగినట్టు ఉన్నాయేమో చక్రం వేలాడేసి చూడమనండి.

అపోహ: సస్పెన్షన్ సంగతి ఆర్‌సీలో ఉండదు, ఎవరు పట్టించుకుంటారు?

వాస్తవం: మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం, ఆర్‌సీ వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్ మీద గట్టిగానే చెప్పింది. పసుపు ప్లేటు బండి ఫిట్‌నెస్‌కు వెళ్తుంది, అక్కడ దొరకొచ్చు. తెల్ల ప్లేటు అయినా యాక్సిడెంట్ అయిన రోజు ఇన్సూరెన్స్ సర్వేయర్ కింద వంగి చూస్తాడు. ఏం మార్చినా ముందే ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి, కిట్ బిల్లు దాచండి.

అలైన్‌మెంట్ తర్వాత చూద్దామనేది కూడా అపోహే. ముందు వైపు లేపితే క్యాస్టర్ (స్టీరింగును నేరుగా నిలిపే చక్రం వెనక వాలు) తగ్గుతుంది, స్టీరింగు హైవే మీద తేలిపోతుంది, టైరు ఒక పక్కన అరుగుతుంది. అదే రోజు చేయించండి. హెడ్‌లైట్లు కూడా కిందికి దింపించండి, లేకపోతే ములుగు రోడ్డులో రాత్రి ఎదురొచ్చేవాళ్ల కళ్లలోకే కొడతాయి.

వెనక కమాన్లు విప్పితే, వాటిని యాక్సిల్‌కు బిగించే పాత యూ బోల్టులు తిరిగి వాడనివ్వకండి, అవి ఒకసారి సాగినవి. కొత్తవి వేసి, వెయ్యి కిలోమీటర్ల లోపు ఇంకోసారి టార్క్ రెంచ్‌తో బిగించాలి. దానికి డబ్బులు అడిగే వర్క్‌షాపు తక్కువ, గుర్తుపెట్టుకుని వచ్చే ఓనర్ ఇంకా తక్కువ.