పాత ఏసీ, ఫ్రిజ్‌లలో గ్యాస్: అపోహలు - వాస్తవాలు

విజయవాడలో ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేయబట్టి ఇరవై రెండేళ్లు. ఎండాకాలం కొత్త ఏసీ బిగించడానికి వెళ్తే, పాతది విప్పుతుండగా ఏ ఇంట్లోనైనా ఒకటే మాట: "పాత సామాన్లతనికి ఇచ్చేస్తాం అన్నా, వాళ్లే రీసైకిల్ చేసుకుంటారుగా!"

చేసుకోరండీ. వాళ్లకు కావలసింది రాగి, అల్యూమినియం, కంప్రెసర్. గ్యాస్‌కి అక్కడ ధర లేదు. పైపు కోస్తారు, బుస్సుమంటుంది, అంతే. పాత ఒకటిన్నర టన్ను స్ప్లిట్‌లో కిలో అటూఇటూగా ఆర్-22 అనే చల్లబరిచే గ్యాస్ ఉంటుంది. వందేళ్ల లెక్కన భూమిని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్‌కి సుమారు 1,800 రెట్లు. కిలో వదిలితే దాదాపు 780 లీటర్ల పెట్రోలు తగలబెట్టినట్టు. లీటరుకి 50 కిలోమీటర్లిచ్చే బండి మీద 39 వేల కిలోమీటర్లు తిరిగినట్టు! పైగా ఓజోన్‌కీ దెబ్బ.

తప్పు మా వాళ్లదీ ఉంది. నేను పని నేర్చుకునే రోజుల్లో మా మేస్త్రి "గాలే కదరా, వదిలెయ్" అనేవాడు. ఎన్ని ఏసీలకు అలా వదిలానో. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

"చెడిపోయి మూలపడింది, గ్యాస్ ఎప్పుడో పోయుంటుంది" అంటారు. కంప్రెసర్ కాలిపోయినా, లీకు లేకపోతే గ్యాస్ లోపలే ఉంటుంది. "ఏటా గ్యాస్ ఎక్కించాలి" అన్నదీ అబద్ధమే. అది అరిగేది కాదు. తగ్గిందంటే లీకున్నట్టే, ముందు అది పట్టాలి.

ఫ్రిజ్‌లో గ్యాస్ వంద గ్రాములే కదా అనకండి. బాగా పాత ఫ్రిజ్‌లయితే పైపుల్లో కన్నా గోడల్లో చల్లదనం పోకుండా నింపే పఫ్ అనే నురగలోనే సీఎఫ్‌సీ (ఓజోన్‌ని దెబ్బతీసే గ్యాస్) ఎక్కువ. సుత్తితో పగలగొడితే అదీ బయటికే.

మొన్న పటమటలో ఒక పిన్నిగారు ఫ్రీజర్‌లో ఐస్‌ని కత్తితో గీకబోయి పైపుకి బొక్క పెట్టుకున్నారు. పక్కనే మనవడు. పిల్లాడికేమవుతుందోనని రాత్రంతా కునుకు లేదట. వాళ్ల ఫ్రిజ్‌లోది ఆర్-134ఏ, మండని గ్యాస్. కిటికీలు తీసి ఉంటే ఆ కాస్త గ్యాస్‌కి భయపడక్కర్లేదమ్మా అని చెప్పాక స్థిమితపడ్డారు. ఈమధ్య ఫ్రిజ్‌లలో ఉండే ఆర్-600ఏ మాత్రం మండేది. అది లీకైతే తలుపులు తీయండి, స్టవ్ వెలిగించకండి, స్విచ్‌లు ముట్టుకోకండి. భూమి వేడికి మాత్రం అదే చాలా మేలు.

పాత ఏసీ విప్పించేటప్పుడు, కంప్రెసర్ పనిచేస్తుంటే పంప్ డౌన్ చేయించండి. అంటే ఏసీ నడుపుతూనే గ్యాస్‌ని బయటి యూనిట్‌లోకి చేర్చి మూసేయడం. వాల్వులకు మూతలు బిగించి, పైపు కోయనివ్వకుండా రిజిస్టరైన రీసైక్లర్‌కే ఇవ్వండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల్లో ఏసీలు, ఫ్రిజ్‌లు కూడా ఉన్నాయి, తయారీ కంపెనీలకు బాధ్యత ఉంది. కాబట్టి కంపెనీకే ఫోన్ చేసి అడగండి. ఫ్రిజ్‌కి పంప్ డౌన్ కుదరదు, రికవరీ మెషీన్‌తో గ్యాస్‌ని సిలిండర్‌లోకి లాగాలి. వెనకాల స్టిక్కర్ మీద గ్యాస్ పేరు, గ్రాములు రాసి ఉంటాయి. మెకానిక్‌ని పిలిచేటప్పుడు అది చదివి చెప్పండి, తగిన సిలిండర్ తెచ్చుకుంటాడు.