ఆయాసమంతా వయసుదేనా?

అనంతపురం జిల్లాలో వేరుశనగ చేలకు వెళ్లే దారుల్లో తరచూ కనిపించే దృశ్యం ఇది. డెబ్బై దాటిన రైతు కాస్త దూరం నడిచి వేపచెట్టు కింద ఆగుతాడు. చేతికర్ర మీద బరువు మోపి ఊపిరి తీసుకుంటాడు. నిరుడు చేను దాకా ఆగకుండా నడిచినవాడే. ఇంట్లో అడిగితే ‘వయసు మీద పడింది కదా’ అంటారు. ఆ మాట చాటున గుండె వాల్వు (రక్తం ఒకే వైపు వెళ్లేలా తెరుచుకుని మూసుకునే తలుపు) జబ్బు ఉండవచ్చన్న అనుమానం చాలామందికి రాదు.

రాకపోవడానికి కారణం ఉంది. వాల్వు జబ్బు అంటే మనకు పిల్లల జబ్బుగా, పడుచువాళ్ల జబ్బుగానే పరిచయం. ఐదు నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లలకు గొంతునొప్పి వచ్చి సరైన మందు పడకపోతే కొందరిలో అది రుమాటిక్ జ్వరంగా మారుతుంది. ఈ జ్వరం కీళ్లను నాకి గుండెను కరుస్తుందని వైద్యుల్లో పాత నానుడి. కీళ్ల వాపు కొన్ని వారాల్లో పోతుంది. గుండె ఎడమవైపు గదుల మధ్య ఉండే మైట్రల్ వాల్వు మాత్రం ఏళ్ల తరబడి బిగుసుకుపోతూ ఉంటుంది, ఎందరో ఆడవాళ్లకు ఆ సంగతి కడుపుతో ఉన్నప్పుడు బయటపడుతుంది. ఇరుకిళ్లు, పేదరికం ఉన్నచోట దీని తాకిడి ఎక్కువ.

మనం కట్టుకున్న వైద్యం చాలావరకు ఈ జబ్బును చూసి కట్టుకున్నదే. 1960లో అమెరికాలో ఆల్బర్ట్ స్టార్ అనే సర్జన్ పంజరంలో బంతిలా ఉండే కృత్రిమ వాల్వును మనిషి గుండెలో అమర్చారు. ముప్ఫై ఏళ్లకు, 1990 డిసెంబరులో, తిరువనంతపురంలోని శ్రీచిత్ర వైద్య సంస్థలో గుండె సర్జన్ వలియత్తాన్ నాయకత్వాన తయారైన దేశీ వాల్వు రోగికి అందింది. మరుసటి ఏడాది నవంబరులో, అప్పటి అనంతపురం జిల్లాలోని పుట్టపర్తిలో, గుండె ఆపరేషన్లు ఉచితంగా చేసే పెద్ద ఆసుపత్రి తెరుచుకుంది. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ తొలి విడత మొదలైన మూడు జిల్లాల్లో కూడా అనంతపురం ఉంది. కరువు జిల్లాకు ఇది చిన్న విషయం కాదు.

ముసలితనంలో వచ్చే వాల్వు జబ్బుది వేరే దారి. గుండె నుంచి ఒంటికంతటికీ రక్తం వెళ్లే ద్వారం దగ్గరి వాల్వుకు ఉల్లిపొరలాంటి మూడు రెక్కలుంటాయి. రోజుకు దాదాపు లక్షసార్లు తెరుచుకుని మూసుకుంటాయి. బోరు నీళ్లు కాచిన గిన్నెకు పట్టినట్లు వాటికి కాల్షియం పేరుకుంటుంది (తాగే నీటికీ దీనికీ సంబంధం లేదు, పోలిక చూపుకే). మూడు నాలుగు చదరపు సెంటీమీటర్లు తెరుచుకోవాల్సిన ద్వారం ఒకటికన్నా తగ్గిందంటే జబ్బు ముదిరినట్లే. ఆయాసం, ఛాతీ నొప్పి, నడుస్తూ కళ్లు తిరిగి పడిపోవడం మొదలయ్యాక వైద్యం అందకపోతే సగం మంది రెండేళ్లకు మించి బతకరు. దీన్ని ఆపే మాత్ర ఇప్పటికీ లేదు, వాల్వు మార్చాల్సిందే. ఛాతీ కోయకుండా తొడ దగ్గరి రక్తనాళం గుండా కొత్త వాల్వు పంపే పద్ధతిని 2002లో ఫ్రాన్సులో గుండె వైద్యుడు అలాన్ క్రిబియే మొదలుపెట్టారు. ముసలివాళ్లకు అది వరమే గానీ ఖర్చు లక్షల్లో ఉంటుంది.

అమెరికాలో 75 ఏళ్లు దాటినవారిలో దాదాపు ఎనిమిది మందిలో ఒకరికి చెప్పుకోదగ్గ వాల్వు జబ్బు ఉన్నట్లు తేలింది. మన దగ్గర 2011 జనగణన నాటికే అరవై దాటినవారు పది కోట్లు మించారు. పిల్లలు బెంగళూరులో ఉద్యోగాలు చేస్తుంటే పల్లెలో మిగిలింది వీళ్లే.

గుర్తు పట్టడానికి మొదట పెద్ద యంత్రమేమీ అక్కర్లేదు. ఛాతీకి కుడివైపు పైభాగాన స్టెతస్కోపు పెడితే గరగరమనే చప్పుడు వినిపిస్తుంది, చాలాసార్లు మెడ దాకా పాకుతుంది. ఆపైన ఎకో పరీక్ష (గుండెకు చేసే స్కానింగ్) తేల్చి చెబుతుంది. చొక్కా గుండీలు విప్పించకుండా బీపీ చూసి, బలానికి మాత్రలు రాసి పంపితే ఆ చప్పుడు ఎవరి చెవినా పడదు.