వైపర్ టక్‌టక్‌మంటే మోటారును తిట్టకండి

చిరంజీవులకు,

తాతయ్య ఆశీస్సులు. వానలో మారుతి 800 వైపర్లు టక్‌టక్‌మంటున్నాయనీ, ఒకటి అద్దం దాటి అంచుకు కొట్టుకుంటోందనీ, మోటారు మార్చాలంటున్నారనీ ఫోన్లో చెప్పారు. మార్చే ముందు కాస్త ఆగండి.

1903లో అమెరికాలో మేరీ ఆండర్సన్ అనే ఆవిడ పేటెంటు తీసుకున్న వైపర్‌ని లోపల కూర్చుని చేత్తో ఆడించాలి. ఇప్పుడు ఆ పని చేసే మోటారుకేమో గుండ్రంగా తిరగడమే వచ్చు. ఆ తిరుగుడును ఊపుగా మార్చేదే లింకేజ్. అమ్మమ్మ కుట్టు మిషన్‌లో పెడల్ ఊగితే చక్రం తిరుగుతుంది కదా, ఇది దానికి తిరగేసిన పని. మోటారు షాఫ్టుకు క్రాంకు అనే పొట్టి చేయి, దాన్నుంచి కడ్డీలు, కడ్డీల చివర వైపర్ స్పిండిళ్ళను, అంటే వైపర్లు కూర్చునే ఇరుసులను, ఊపే లీవర్లు. లీవర్ కన్నా క్రాంకు పొట్టి. అందుకే లీవర్ పూర్తి చుట్టు తిరగకుండా వెనక్కి మళ్ళుతుంది.

కడ్డీ కలిసేచోట ఒక బాల్ పిన్, అంటే గుండు తల ఉన్న పిన్ను, దాని మీద టోపీలా కూర్చునే చిన్న నైలాన్ బుష్. దుమ్ము, వాననీళ్ళు, ఎండిన గ్రీజు కలిసి అరగదీసేది దీన్నే. లీవర్ 5 సెంటీమీటర్లు, బ్లేడు కొస స్పిండిల్‌కి 40 సెంటీమీటర్ల దూరం అనుకోండి. బుష్‌లో 1 మిల్లీమీటరు లూజు కొస దగ్గర 8 మిల్లీమీటర్లవుతుంది! రెండు మూడు చోట్ల అరిగితే బ్లేడు అంచు దాటక ఏం చేస్తుంది? వెనక్కి మళ్ళిన ప్రతిసారీ ఆ లూజు అటునుంచి ఇటు పడుతుంది. మీరు విన్న టక్ అదే.

మోటారు తిరుగుతున్నా ఒక్క వైపరే ఆగిపోతే కడ్డీ ఊడినట్టు. రెండూ బరువుగా కదులుతూ ఫ్యూజు పోతుంటే మాత్రం ముందు స్పిండిళ్ళు బిగుసుకున్నాయేమో చూడాలి. స్పిండిల్ జారకుండా పట్టి ఉంచే సర్‌క్లిప్ అనే రింగు తీసి, స్పిండిల్‌ని బయటికి లాగి, సన్న ఎమెరీ కాగితంతో రుద్ది కొత్త గ్రీజు పెడితే చాలావరకు బాగుపడతాయి.

పని నాన్న చేస్తాడు, మీరు పక్కన ఉండండి. వైపర్లను స్విచ్‌తోనే ఆపి, వాటి చోటికి అవి వచ్చాక బ్యాటరీ మైనస్ వైరు తీయమనండి. కడ్డీల మధ్య వేలు పడితే నలిగిపోతుంది. బ్లేళ్ళున్న చోట అద్దం మీద టేపు అంటించండి. అద్దం మీద పాత దుప్పటి పరవండి, స్ప్రింగు ఉన్న వైపర్ చేయి జారి పడితే పగిలేది అద్దమే. క్రాంకును మోటారు నుంచి విప్పొద్దు. తప్పదంటే ముందు గుర్తు గీయండి, లేకపోతే వైపర్లు అద్దం మధ్యలో ఆగుతాయి.

పాత బుష్‌ని స్క్రూడ్రైవర్‌తో పెకలించి, పిన్‌ని కిరోసిన్‌తో కడగండి. కొత్త బుష్‌ని వేడినీళ్ళలో కాసేపు ఉంచితే మెత్తబడుతుంది, గ్రీజు రాసి ప్లయర్‌తో నొక్కితే టప్‌మని కూర్చుంటుంది. పిన్ కూడా అరిగి గాటుపడి ఉంటే కొత్త బుష్ దండగే, లింకేజ్ సెట్టే కొనాలి. కొందరు తీగ చుట్టి నడిపేస్తారు. ఇల్లు చేరడానికి పనికొస్తుంది, అంతకుమించి నమ్మొద్దు.

వైపర్ చేతులు బిగించకముందే బ్యాటరీ వైరు మళ్ళీ తగిలించి, ఒకసారి మోటారు నడిపి ఆపండి. తర్వాత టేపు గుర్తుకు సరిగ్గా బిగించి, అద్దం మీద చెంబెడు నీళ్ళు పోసి చూడండి. పొడి అద్దం మీద నడిపితే గీతలు పడతాయి. అప్పటికీ టక్‌మంటే రెండో వైపు బుష్ కూడా చూడమని నాన్నకు చెప్పండి.

మీ తాతయ్య