నాపరాయి పగులు, జెల్లీ చీలిక

కడప ఎండలకు జిలాటిన్ జెల్లీని ఫ్రిజ్ బయట పెడితే కాసేపటికే నీరుకారిపోతుంది. సముద్రపు నాచు నుంచి తీసే చైనా గ్రాస్‌తో (అగర్) చేసింది మాత్రం చెక్కుచెదరదు. అది కరగాలంటే 85 డిగ్రీల దాకా వేడెక్కాలి. కానీ దాని ముక్కను వంచి చూడండి, మన ఎర్రగుంట్ల నాపరాయిలాగే టక్కున విరుగుతుంది.

రాయి సంగతి తేలిక. బండ మీద ఉలితో గీటు పెట్టి సుత్తితో తడితే, ఒత్తిడంతా గీటు కొసన పోగై పగులు పరిగెడుతుంది. బ్రిటిష్ ఇంజనీరు గ్రిఫిత్ 1921లో గాజు విషయంలో ఈ లెక్కే తేల్చాడు: పగులు సాగితే విడుదలయ్యే శక్తి, పగులుకు రెండు పక్కలా కొత్త ముఖాలు ఏర్పడటానికి పట్టే శక్తిని మించితే అది ఇక ఆగదు.

జెల్లీలో ఎక్కువ భాగం నీళ్లే. లాగితే ఓర్చుకునే పని నీళ్లది కాదు, వాటిని పట్టి ఉంచిన పాలిమర్ గొలుసుల (పొడవాటి అణువుల) వలది. తడిసిన నులక మంచం అనుకోండి. ఒక తాడు తెగితే దాని బరువు పక్క తాళ్ల మీద పడుతుంది. 1967లో లేక్, థామస్ అనే ఇద్దరు పరిశోధకులు రబ్బరు గురించి చెప్పిన మాట ఇక్కడా పనికొస్తుంది: గొలుసులో తెగేది ఒక్క బంధమే అయినా, బిగుసుకున్న మిగతా బంధాలన్నిటిలో దాగిన శక్తీ దాంతో పోతుంది. అందుకే గొలుసులు ఒకదానికొకటి అతుక్కునే ముడుల మధ్య గొలుసు పొడుగ్గా ఉంటే చీల్చడం కష్టం. ముడులు పెంచితే జెల్ బిగుసుకుంటుంది, పెళుసూ అవుతుంది. బిగువు వేరు, చీలకుండా ఓర్చుకునే గట్టితనం వేరు అని వంటింట్లోనే తెలిసిపోతుంది!

జిలాటిన్‌ది మరో దారి. దాని గొలుసులు మూడు పాయల జడలా అల్లుకుంటాయి. చీల్చినప్పుడు అవి తెగవు, జడ విప్పుకుని నీళ్లలోంచి ఊడొస్తాయి. ఆ నీళ్లలో గ్లిజరిన్ కలిపి చిక్కబరిస్తే చీలిక నెమ్మదిస్తుంది. చీలిక కొసన నీటి చుక్క వేస్తే మాత్రం వేగం పెరుగుతుంది. 2006లో పారిస్ పరిశోధకులు చూపిన ఈ చుక్క సంగతే నాకు అన్నిటికన్నా ముచ్చటగా అనిపిస్తుంది.

మరి నీళ్ల ముద్దను తెగకుండా చేయలేమా? 2003లో జపాన్‌లోని హొక్కయిడో విశ్వవిద్యాలయంలో జియాన్ పింగ్ గాంగ్ బృందం ఒక వలలో ఇంకో వల అల్లింది. మొదటిది బిగువైనది, రెండోది వదులైనది. లాగితే మొదటి వల లోపల వేలచోట్ల తెగుతూ శక్తిని మింగేస్తుంది, రెండోది ముక్కలు కాకుండా పట్టుకుంటుంది. తొంభై శాతం నీళ్లున్నా మామూలు జెల్ కన్నా ఎన్నో రెట్లు ఓర్చుకుంటుంది. కాకపోతే అదే ముక్కను రెండోసారి లాగితే మెత్తగా సాగుతుంది. తెగిన మొదటి వల మళ్లీ అతుక్కోదు.